ఏడాది పైగా ఆక్యుపేషనల్ థెరపీ: మా ఇంటి అనుభవం

పక్షవాతం వచ్చాక మా అత్తయ్యకు కుడి చెయ్యి స్వాధీనం తప్పింది. డిశ్చార్జి చీటీలో న్యూరాలజిస్టు ఫిజియోతో పాటు ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) కూడా రాశారు. అంటే బట్టలు వేసుకోవడం, తినడం లాంటి రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకునేలా నేర్పే చికిత్స. ఫిజియో మా వీధిలోనే దొరికాడు. రెండోదాని కోసం హైదరాబాద్ అంతా గాలించాల్సి వచ్చింది.

కూకట్‌పల్లి వైపు చాలా బోర్డుల మీద రెండూ కలిపే రాసి ఉంటాయి. ఒక సెంటర్‌లో నెల ప్యాకేజీ ముందే కట్టించుకున్నారు. తీరా చూస్తే అక్కడ ఓటీ చదివినవాళ్లే లేరు. ఫిజియో చదివిన అబ్బాయే రబ్బరు బంతి చేతికిచ్చి నొక్కమని కూర్చోబెట్టేవాడు. డబ్బులు వెనక్కి రాలేదు. ఫోన్‌లోనే బీఓటీనా, బీపీటీనా అని అడిగేయండి. ఫిజియో వాళ్ల డిగ్రీ బీపీటీ, ఓటీ వాళ్లది బీఓటీ, ఆ పైన ఎంఓటీ. పిల్లల కోసమైతే ఇంత తిరగక్కర్లేదు, ఆటిజం సెంటర్లలో ఓటీలు బాగానే ఉన్నారు. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ కూడా ఉంది. పెద్దవాళ్లకు ఇంటికొచ్చి చేసేవాళ్లే మాకు దొరకలేదు. చివరికి తెలిసినవాళ్ల ద్వారా ఒకావిడ కుదిరారు.

వచ్చిన రోజు ఆవిడ చెయ్యి చూడకముందే బాత్రూమ్ చూపించమన్నారు. గడప ఎత్తెంత, కమోడ్ పక్కన పట్టుకోవడానికి ఏముంది, మగ్గు ఏ చేతికి అందుతుంది, అన్నీ చూశారు. తర్వాత, "అమ్మా, ముందుగా ఏ పని మీ అంతట మీరు చేసుకోవాలని ఉంది?" అని అడిగారు.

"జాకెట్టు వేసుకోవాలమ్మా. కోడలితో వేయించుకోవాలంటే సిగ్గుగా ఉంది."

ఆ మాట అత్తయ్య నాతో ఎప్పుడూ అనలేదు.

వేసుకునేటప్పుడు పట్టులేని చెయ్యి ముందు దూర్చాలి, తీసేటప్పుడు అది చివర రావాలి. హుక్కులు తీయించి టైలర్‌తో వెల్క్రో కుట్టించాం. జబ్బ పట్టి లేపొద్దని మా అందరికీ గట్టిగా చెప్పారు, భుజం కీలు జారుతుందట. ఫిజియోను తక్కువ చేయడం లేదు, అత్తయ్య ఇవాళ నడుస్తున్నారంటే అతని చలవే. కానీ నడిచి బాత్రూమ్‌కి వెళ్లిన మనిషి అక్కడ ఏం చేయగలరో చూసింది ఈవిడే.

తిండి దగ్గర ఎక్కువ కాలం పట్టింది. మొదట స్పూన్ పిడికి ఫోమ్ చుట్టి లావు చేశారు, పళ్లెం జారకుండా కింద రబ్బరు మ్యాట్ వేశారు. తర్వాత పప్పన్నం కలపడం. సగం మెతుకులు ఒళ్లో పడేవి. నేను ముద్ద చేసి పెట్టబోతే, "ఆగండి మేడమ్, ఆ పని మళ్లీ మళ్లీ చేస్తేనే మెదడు నేర్చుకుంటుంది" అని ఆపేవారు. చూస్తూ ఊరుకోవడం నాకు పెద్ద టెన్షన్.

లోటుపాట్లూ ఉన్నాయి. సెషన్‌కి 800 మా చేతి నుంచే, మా ఇన్సూరెన్స్ ఇవ్వలేదు. గట్టి వాన పడితే ఆ రోజు సెషన్ లేనట్టే. వేళ్లలో సన్నపని ఇంకా రాలేదు, పెన్షన్ బ్యాంకులో సంతకం బదులు వేలిముద్రకు మార్చుకున్నాం.

ఇప్పుడు ఆవిడ అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్తున్నారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ప్యాకేజీ కట్టకండి, ఏ రోజు డబ్బులు ఆ రోజే ఇవ్వండి. మీ మనిషి పొద్దున లేచింది మొదలు ఏమేం చేసుకోగలరో అడగకుండా నేరుగా వ్యాయామాల్లోకి దిగారంటే, ఇంకొకరిని వెతుక్కోండి.