కిటికీ లేని మధ్యగదికి ఎల్‌ఈడీ లైట్లు: మూడున్నరేళ్ళు వాడాక

మాది విజయవాడ సత్యనారాయణపురంలో పాత వరస ఇల్లు. ముందు గది, మధ్యగది, వంటిల్లు, పెరడు, రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. అటూ ఇటూ పక్కవాళ్ళ గోడలే కాబట్టి మధ్యగదికి కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేస్తేగాని చేటలో ఉన్నది బియ్యమో నూకలో తెలియదు. నా కుట్టుమిషను ఉండేది ఆ గదిలోనే. ముందు గదిలో పెడితే వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకు అడ్డం.

పదేళ్ళపాటు తలుపు మీదున్న ఒకే ఒక్క ట్యూబ్‌లైటుతో నెట్టుకొచ్చాను. ఒక శ్రావణమాసంలో మెరూన్ పట్టు జాకెట్టుకి చాక్లెట్ రంగు దారంతో చేతులు అతికించి ఇచ్చేశాను. ఆవిడ గుమ్మం దాటి వీధి వెలుతురులోకి వెళ్ళి, మడత విప్పి చూసుకుని, అక్కడి నుంచే వెనక్కి తిరిగారు. ఆ రాత్రే మా వారితో అన్నాను, ముందు లైటు సంగతి చూడండి, తర్వాతే మిగతావి అని.

ఏ మోడల్ కొన్నానో రాయడం లేదు. అప్పటి మోడళ్ళు ఇప్పుడు షాపులో దొరకడం లేదు, అడిగి చూశాను. ప్యాకెట్ మీద ఏం చూసుకోవాలో, ఎక్కడ బిగించుకోవాలో చెప్తే అదే పనికొస్తుంది.

మొదట చేసింది తప్పు. గవర్నర్‌పేటలో షాపతను చూపించిన 15 వాట్ల గుండ్రటి ప్యానెల్ తెచ్చి సీలింగ్ మధ్యలో పెట్టించాం. గదంతా వెలిగింది, అందరూ మెచ్చుకున్నారు. నేను మిషను ముందు కూర్చున్నాక చూస్తే సూది దగ్గర చీకటి! మిషను గోడకి ఆనించి ఉంటుంది, లైటేమో నా వీపు వెనక. నా తల నీడ సరిగ్గా మిషను పాదం కింద ఉన్న గుడ్డ మీద పడుతోంది. వంగేకొద్దీ నీడ ఇంకా పెరుగుతుంది. అంటే గదికి వెలుగు వచ్చింది, నా పనికి రాలేదు. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక లైటు డబ్బు మిగిలేది.

నెల తిరక్కుండా నాలుగడుగుల ఎల్‌ఈడీ బ్యాటన్లు, అంటే ట్యూబ్‌లైటులా పొడుగ్గా ఉండే లైట్లు, రెండు తెచ్చాం. ఒక్కోటి 20 వాట్లు, 2000 ల్యూమెన్లు (వెలుగు ఎంతో చెప్పే కొలత). ఈసారి కుర్చీలో నేను కూర్చున్నాను, ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఒక బ్యాటన్‌ని తాత్కాలికంగా వైరుకి తగిలించి చేత్తో పట్టుకుని గోడ వెంట జరుపుతూ పోయాడు. "ఇక్కడ ఓకేనా అమ్మా?" "ఇంకొంచెం ఎడమకి బాబూ." నీడ మాయమైన చోట పెన్సిల్‌తో గీత గీశాం. చివరికి ఒకటి మిషనుకి ఎడమ గోడ మీద, రెండోది కుడి వైపు, రెండూ నా తల కంటే కాస్త ముందుకి వచ్చేలా ఏడడుగుల ఎత్తులో బిగించాడు. ఒకదాని నీడని రెండోది చెరిపేస్తుంది. గోడ పగలగొట్టకుండా పీవీసీ పట్టీలో వైరు లాగాడు. కూలి 700 తీసుకున్నాడు. అందంగా ఉందా అంటే లేదు, పట్టీ కనిపిస్తూనే ఉంటుంది. నాకేమీ బాధ లేదు.

అదే రాత్రి ఒక చిత్రం జరిగింది. స్విచ్ ఆపేసి పడుకున్నాక రెండు బ్యాటన్లూ బూడిద రంగులో సన్నగా వెలుగుతూనే ఉన్నాయి. మా అత్తయ్యగారు రామనామం మొదలుపెట్టారు. పొద్దున్నే కుర్రాణ్ణి పిలిస్తే, స్విచ్ ఆపి ఉండగానే లైటు దగ్గర టెస్టర్ పెట్టాడు. టెస్టర్ వెలిగింది! ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడు ఆ స్విచ్‌ని కరెంటు తెచ్చే ఫేజు వైరుకి బదులు న్యూట్రల్‌కి ఇచ్చారట, అందుకని స్విచ్ ఆపినా లైటు దాకా కరెంటు వస్తూనే ఉంది. పాత చోక్ ట్యూబ్ ఇంత చిన్న కరెంటుకి వెలగదు కాబట్టి ఇన్నేళ్ళూ బయటపడలేదు. ఎల్‌ఈడీకి మాత్రం లీకయ్యే కాస్త కరెంటు చాలు. నాకు వెలుగు కంటే అసలు భయం వేరే ఉంది. స్విచ్ ఆపేశాం కదా అని స్టూలెక్కి ఆ ట్యూబ్‌ని ఎన్నిసార్లు తడిగుడ్డతో తుడిచానో! బోర్డులో వైర్లు మార్చి సరిచేశాడు, 200 తీసుకున్నాడు. మీ ఇంట్లో ఎల్‌ఈడీ ఆపాక కూడా మినుకుమంటుంటే బల్బు తప్పనుకుని ఊరుకోకండి. స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ ఉన్నా అలా జరుగుతుందట, ఏది ఏమైనా ఒకసారి చూపించుకోండి.

ఇక రంగు విషయం. ప్యాకెట్ మీద కె అంటే కెల్విన్, వెలుగు రంగుని చెప్పే కొలత; అంకె పెరిగేకొద్దీ నీలం వైపు, తగ్గేకొద్దీ పసుపు వైపు. షాపులో ఏమీ చెప్పకపోతే 6500కె ఇస్తారు, నీలం తేలిన తెలుపు. మాకు మొదట ఒకటి అది, ఒకటి 4000కె వచ్చాయి, ప్యాకెట్లు చూసుకోలేదు. ఒకే గుడ్డ ఎడమ వైపు ఒక రంగు, కుడి వైపు ఇంకో రంగు. తిక్క పుట్టి, మర్నాడే మార్చుకుని రెండూ 4000కె చేసుకున్నాను. 6500 కింద జరీ వెండిలా పాలిపోతుంది, 3000 కింద తెల్ల లైనింగ్ కూడా పాతదానిలా కనిపిస్తుంది. రాత్రి పదకొండింటి దాకా కుట్టేదాన్ని, 4000 కళ్ళకి హాయిగా ఉంది.

అయినా మెరూన్ గొడవ పూర్తిగా తీరలేదు. ప్యాకెట్ మీద సీఆర్‌ఐ 80 అని ఉంటుంది. వస్తువు అసలు రంగు ఎంత నిజంగా కనిపిస్తుందో చెప్పే అంకె అది, పాత ఫిలమెంట్ బల్బుకి 100. కానీ ఆ అంకె కట్టేందుకు వాడే ఎనిమిది నమూనా రంగుల్లో ముదురు ఎరుపు లేదు. దానికి ఆర్9 అని వేరే కొలత. అందుకే 80 ఉన్న లైటు కింద కూడా మెరూన్, కాఫీ, వంకాయ రంగు దారం రీళ్ళు పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ఏడాది తర్వాత సీఆర్‌ఐ 90 పైన ఉన్న 9 వాట్ల బల్బు ఒకటి వెతికి తెచ్చి మిషను పక్కన వంగే స్టాండుకి పెట్టుకున్నాను. రీళ్ళు విడిపోయాయి. ఇప్పుడు వస్త్రలత బట్టల మార్కెట్‌లో తెచ్చిన లైనింగ్‌ని గుమ్మంలోకి పట్టుకెళ్ళి చూడటం మానేశాను. ధర మామూలు బల్బుకి మూడు రెట్లు పడింది. ఈ మొత్తం ఖర్చులో నేను ఇంకోసారి కళ్ళు మూసుకుని పెట్టేది ఏదంటే ఈ బల్బు మీదే.

ఏది నిలిచింది, ఏది పోయింది అంటే, మధ్యలోని ప్యానెల్ పద్నాలుగో నెలలో మిణుకుమిణుకుమని ఒక రోజు ఆరిపోయింది. విప్పి చూస్తే లోపలి ఎల్‌ఈడీలు బాగానే ఉన్నాయి, వెనకున్న డ్రైవర్, అంటే ఎల్‌ఈడీలకి తగ్గట్టు కరెంటుని మార్చి ఇచ్చే భాగం, పోయింది. వారంటీ రెండేళ్ళు. బిల్లు తీసి చూద్దును కదా, తెల్ల కాగితం. ఆ మెషిన్ బిల్లు మీది అక్షరాలు అల్మారాలో ఉండగానే వెలిసిపోయాయి, షాపతను ఒప్పుకోలేదు. అప్పటి నుంచి కొన్న రోజే బిల్లుకి ఫోన్‌లో ఫొటో తీసి పెడుతున్నాను. బ్యాటన్లు రోజుకి పది, పన్నెండు గంటలు వెలుగుతూ ఇప్పటిదాకా బతికే ఉన్నాయి. ప్యాకెట్ మీద 4 కేవీ సర్జ్ ప్రొటెక్షన్ (ఓల్టేజీ ఒక్కసారిగా ఎగిసినా తట్టుకునే రక్షణ) అని ఉన్నవి చూసి తీసుకున్నాం. మా వీధిలో గాలివాన వస్తే ఓల్టేజీ ఆడే ఆట చూస్తే ఆ మాట పనిచేసిందనే అనుకుంటున్నాను.

కరెంటు బిల్లు తగ్గిందా అని చాలామంది అడిగారు. తగ్గలేదు. పాత ట్యూబు చోక్‌తో కలిపి 50 వాట్ల దాకా తాగేది, ఇప్పుడు రెండు బ్యాటన్లు, బల్బు కలిపి 49. పన్నెండు గంటలు వేస్తే రోజుకి అర యూనిట్ పైన. అదే కరెంటుకి వెలుగు రెట్టింపు కంటే ఎక్కువ వచ్చింది, అంతే.

చేయాల్సిన క్రమం కూడా తారుమారు చేశాం. గోడలకి ముదురు ఆకుపచ్చ డిస్టెంపర్ ఉండేది. రెండో ఏడు సంక్రాంతికి మీగడ తెలుపు వేయించాక లైటు ఏదీ మార్చకుండానే గది ఇంకో మెట్టు ఎక్కింది. ముందు రంగు వేయించి ఉంటే బహుశా ఆ ప్యానెల్ జోలికే పోయేవాళ్ళం కాదు.

తొలకరికి ఉసిళ్ళు మాత్రం ఏ లైటునీ వదలవు. పోయిన ప్యానెల్ లోపల అవి నల్ల చుక్కల్లా పేరుకుని ఉండేవి. బ్యాటన్లకి రెండు చివర్లూ మూసి ఉంటాయి కాబట్టి పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

ఈ మధ్య కుడి వైపు బ్యాటన్ ఒక చివర కాస్త పసుపు తిరిగింది. అత్తయ్యగారికి కనిపించడం లేదట. నాకు తెల్ల గుడ్డ పరిచినప్పుడల్లా కనిపిస్తోంది. శ్రావణం ఆర్డర్లు అయ్యాక రెండూ ఒకేసారి మారుస్తాను. ఒక్కటే మారిస్తే మళ్ళీ రంగుల తేడా.