మూత మూస్తే వైఫై మాయం

ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే సంగతులు అమ్మేచోటే రాసి ఉంటాయి, అవి వదిలేస్తున్నా. నా కోపమంతా ఈ ల్యాప్‌టాప్ నిద్ర మీదే. కొన్న కొత్తలో మూత తెరవగానే స్క్రీన్ వెలుగుతుందని కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. స్క్రీన్ ఇప్పటికీ అలాగే వెలుగుతుంది. వైఫై మాత్రం ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు.

నేను నల్లగొండలో ఉంటూ మిర్యాలగూడ రైస్ మిల్లులకు లెక్కలు రాస్తాను. బస్సెక్కేముందు మూత మూస్తా, మిల్లులో తెరుస్తా. యాసంగి సీజన్‌లో ఒకరోజు 25 కిలోల బియ్యం బస్తాలు లారీకి ఎక్కించి, పట్టా కప్పి తాళ్లు కూడా బిగించారు. ఇక ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం, తీయడమే ఆలస్యం. తెరిస్తే వైఫై గుర్తే లేదు. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు పేరు మీద పసుపు త్రికోణం, అంటే అది పనిచేయట్లేదని. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టినా అందుకునే కార్డే లేదాయె. షట్‌డౌన్ చేసి ఆన్ చేశా, అదే కథ. లారీ డ్రైవర్ కిటికీ దగ్గరికొచ్చి "సార్, బిల్లు ఎప్పుడొస్తది? చీకటి పడకముందే వాడపల్లి దాటాలె" అంటున్నాడు. చివరికి డేటా కేబుల్‌తో ఫోన్ కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది, లారీ కదిలింది.

సర్వీస్ సెంటర్‌లో విండోస్ మళ్లీ వేసిచ్చారు. కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలైంది. కరెంటు ఆదాకి వైఫై కార్డును విండోస్ ఆపేయకుండా పవర్ మేనేజ్‌మెంట్‌లో టిక్ తీసెయ్యమని యూట్యూబ్‌లో అందరూ చెబుతారు. నా దాంట్లో ఆ ట్యాబే లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ (powercfg) అని కొట్టి స్లాష్ ఏ తగిలిస్తే అసలు విషయం బయటపడింది. పాత ఎస్3 స్లీప్ ఇందులో లేదు, ఎస్0 ఒక్కటే ఉంది. ఎస్3లో ర్యామ్‌కు తప్ప మిగతావాటికి దాదాపుగా కరెంటు ఆగిపోతుంది. ఎస్0లో మెషిన్ సెల్‌ఫోన్‌లా సగం మేలుకునే ఉంటుంది. ఒక్కో భాగాన్ని దాని డ్రైవరే, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేరే, పడుకోబెట్టి లేపాలి. నా వైఫై డ్రైవర్‌కు పడుకోబెట్టడం వచ్చు, లేపడం రాదు. బ్యాగులోంచి తీస్తే ఒక్కోసారి వెచ్చగా తగలడం, రాత్రికి రాత్రే బ్యాటరీ తగ్గడం కూడా ఈ సగం నిద్ర వల్లే. బ్యాటరీ బాగా ఆగుతుందని ఇదివరకు నేనన్న మాట పగటిపూటకే వర్తిస్తుంది.

ఆ రోజు షట్‌డౌన్ ఎందుకు పనిచేయలేదంటే ఫాస్ట్ స్టార్టప్. అది ఆన్‌లో ఉంటే విండోస్ తన కెర్నల్‌నూ (గుండెకాయ లాంటి భాగం) డ్రైవర్లనూ ఉన్నవున్నట్టు డిస్క్‌లో దాచి, ఆన్ చేయగానే వాటినే తెస్తుంది. రీస్టార్ట్ కొడితేనే అన్నీ మొదటినుంచి లోడవుతాయి.

ఇప్పుడు ఫాస్ట్ స్టార్టప్ తీసేశా. మూత మూస్తే స్లీప్ బదులు హైబర్నేట్ (పని అంతా డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగిపోవడం) అయ్యేలా కంట్రోల్ ప్యానెల్లో మార్చా. వైఫై ఇంతవరకు మొరాయించలేదు. కానీ తెరవగానే వెలిగే ఆ ముచ్చట పోయింది, కాసేపు ఆగాలి.

ఒకేచోట లాన్ వైరు పెట్టుకుని పనిచేసేవాళ్లకు ఇది బాగానే ఉండొచ్చు. మా మేనల్లుడి దగ్గర ఇదే మోడల్ ఉంది, వాడికి ఏ ఫిర్యాదూ లేదు, మూత మూస్తే కదా. పక్కన నంబర్ ప్యాడ్ ఉందని నేనూ ఇంకా దీన్నే వాడుతున్నా. నాలా తిరిగే పనైతే మాత్రం కొనేముందు షాపులోనే ఆ కమాండ్ కొట్టి ఎస్3 ఉందో లేదో చూడండి, షాపువాళ్లు కొట్టనిస్తే.