గదికన్నా చల్లని ల్యాప్‌టాప్: ఎల్ఎం-సెన్సర్స్, థర్మల్‌డీ సమీక్ష

గత మే నెలలో ఒక మధ్యాహ్నం, విజయవాడలో ఏసీ లేని మా గదిలో గోడ మీది థర్మామీటరు 38 డిగ్రీలు చూపుతుండగా, డెబియన్ 12 అనే లినక్స్ నడుస్తున్న నా ల్యాప్‌టాప్‌లో, యంత్రం వేడిని చూపే ‘సెన్సర్స్’ ఆదేశం ఇచ్చాను. మొదటి వరుసలో 27.8 డిగ్రీలని వచ్చింది. దాని కింద ప్రాసెసరు వరుసలో 71 అని ఉంది. గదికన్నా పది డిగ్రీలు చల్లగా ఉండే యంత్రం నిజంగా ఉంటే బెజవాడ ఎండల్లో దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకోవచ్చు. గంట తరువాత, వీడియో మార్పిడి నడుస్తూ కీబోర్డు చేతికి కాలుతున్నప్పుడు చూసినా ఆ మొదటి వరుస 27.8 దగ్గరే ఉంది. లినక్స్‌లో వేడిని చూపే ఎల్ఎం-సెన్సర్స్‌ను, వేడిని అదుపు చేసే థర్మల్‌డీని ఒక వేసవంతా వాడి ఈ సమీక్ష రాస్తున్నాను కాబట్టి, ఆ తప్పు అంకె ఎక్కడిదో ముందు చెప్పడం న్యాయం.

ఎల్ఎం-సెన్సర్స్ తనంతట తాను దేన్నీ కొలవదు. కొలతలన్నీ లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌లో, ఒక్కో చిప్పుతో మాట్లాడే డ్రైవర్లవి. అవి ఒక్కో సెన్సరు విలువను డిగ్రీలో వెయ్యో వంతుల లెక్కన, అంటే 71 డిగ్రీలను 71000గా, చిన్న ఫైళ్లలో ఉంచుతాయి. ఎల్ఎం-సెన్సర్స్ ఆ ఫైళ్లను చదివి, పేర్లు తగిలించి, మనిషి చదవగలిగే రూపంలో పెడుతుంది. నా దగ్గరున్న 3.6.0 వెర్షను 2019 నాటిదే అయినా కొత్త యంత్రాల మీద కూడా ఇబ్బంది లేకుండా పనిచేయడానికి ఇదే కారణం, ఎందుకంటే కొత్త చిప్పుల బాధ్యత కెర్నెల్‌ది. ఆ మొదటి వరుస పేరు ‘ఏసీపీఐటీజెడ్’. అది ల్యాప్‌టాప్ తయారీదారు బయాస్‌లో, అంటే యంత్రాన్ని లేపే తొలి సాఫ్టువేరులో, రాసిపెట్టిన విలువ. అక్కడ సెన్సరుకు బదులు స్థిరమైన అంకె రాసి వదిలేసిన యంత్రాలు చాలానే ఉన్నాయి, నాదీ అందులో ఒకటి. అద్దంలో ముఖం బాగాలేకపోతే అద్దాన్ని తిట్టలేము కాబట్టి ఎల్ఎం-సెన్సర్స్‌ను తప్పుపట్టను. అయితే ఏ వరుసను నమ్మాలో ఏది వదిలేయాలో అది ఒక్క ముక్క కూడా చెప్పదు, కొత్తవారు బెదిరిపోయేది అక్కడే.

నమ్మవలసినది ‘కోర్‌టెంప్’ వరుస. ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక్కో కోరుకు, అంటే లెక్కలు చేసే ఒక్కో భాగానికి, ఒక్కో డిజిటల్ సెన్సరు ఉంటుంది, కానీ అది ఇన్ని డిగ్రీల వేడి ఉందని చెప్పదు. గరిష్ఠ పరిమితికి ఇంకా ఎన్ని డిగ్రీల దూరం ఉందో చెబుతుంది. నా ఐ5-8250యు ప్రాసెసరుకు ఆ పరిమితి 100 డిగ్రీలు, డ్రైవరు అందులోంచి దూరాన్ని తీసేసి మనకు అంకె ఇస్తుంది. అందువల్ల 95 అని చూపినప్పుడు ఆ మాటను గట్టిగా నమ్మవచ్చు, ఖాళీగా ఉన్న యంత్రం 41 అన్నప్పుడు రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అనుకోవాలి. ఈ సెన్సరు అంకె ఒక్కో డిగ్రీ చొప్పునే మారుతుంది కాబట్టి 71.0లోని ఆ సున్నా కేవలం అలంకారం. ఏఎండీ ప్రాసెసర్లలో ఇదే పని ‘కే10టెంప్’ అనే డ్రైవరు చేస్తుంది.

ఎల్ఎం-సెన్సర్స్‌ను స్థాపించడం చాలా సులువు. ‘సెన్సర్స్-డిటెక్ట్’ అనే వెతుకులాట స్క్రిప్టును తప్పనిసరిగా నడపాలని పాత పాఠాల్లో ఉంటుంది గానీ, ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో కోర్‌టెంప్ డ్రైవరు తనంతట తానే ఎక్కుతుంది కాబట్టి దాని అవసరం దాదాపు లేదు. నడిపితే మాత్రం అది అడిగే ప్రశ్నలకు ఎంటర్ కొట్టి ముందే ఉన్న జవాబునే ఒప్పుకోవడం మంచిది. అంత జాగ్రత్త ఊరికే రాలేదు: తొలి రోజుల్లో ఈ రకం వెతుకులాట వల్ల కొన్ని పాత ఐబీఎం థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లలోని 24ఆర్ఎఫ్08 అనే చిన్న మెమరీ చిప్పు చెడిపోయి, యంత్రం లేవకుండా పోయిన ఉదంతాలున్నాయి. ఆ తప్పు వల్లనే చాలా ఏళ్లుగా ఈ సాఫ్టువేరు ఒక్కో అడుగూ అడిగి వేస్తోంది, ఆ నిదానం నాకు నచ్చింది.

ఇక రక్షణ సంగతి. ప్రాసెసరు 100 డిగ్రీలను తాకగానే ఏ సాఫ్టువేరు సాయమూ లేకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అది కూడా చాలనంత వేడెక్కితే హార్డువేరే విద్యుత్తును ఆపేస్తుంది. ఈ రెంటికీ నడుమ కెర్నెల్ తన వంతుగా, ‘క్రిటికల్’ అని గుర్తుపెట్టిన ఉష్ణోగ్రత దాటితే యంత్రాన్ని పద్ధతిగా షట్‌డౌన్ చేయాలి. కానీ నా యంత్రంలో ఆ గుర్తు ఉన్నది సరిగ్గా ఆ 27.8 వరుసకే. అంటే మధ్యలో కాపలా ఉండవలసినవాడు పగలంతా నిద్రలో ఉన్నాడు. ఈ విషయం తెలిశాకనే థర్మల్‌డీని పెట్టుకున్నాను. ఉబుంటు అనే మరో లినక్స్ డెస్క్‌టాప్‌లో ఇది ముందే ఉంటుంది, డెబియన్‌లో మనమే వేసుకోవాలి. ఇది ఇంటెల్ సంస్థే స్వేచ్ఛా సాఫ్టువేరుగా విడుదల చేసిన, తెర వెనక నడిచే సేవ, ఏఎండీ యంత్రాల మీద నడవదు.

థర్మల్‌డీ ఉంటే, లేకపోతే తేడా ఏమిటో చూడడానికి ఒకే వీడియోను రెండు మధ్యాహ్నాలు మార్పిడి చేశాను. థర్మల్‌డీ లేని రోజు ఒక్క నిమిషంలోపే వేడి 99కి చేరింది, అక్కడినుంచి వేగం 3 గిగాహెర్ట్‌జ్‌కూ 1.2కూ మధ్య ఉయ్యాల ఊగింది, కెర్నెల్ లాగులో, అంటే అది రాసుకునే చిట్టాలో, ‘ఉష్ణోగ్రత పరిమితి దాటింది, గడియారపు వేగం తగ్గించాం’ అనే సందేశం వరుసగా పడుతూనే ఉంది. థర్మల్‌డీ ఉన్న రోజు వేడి 92, 93 దగ్గర ఆగింది, వేగం 2 గిగాహెర్ట్‌జ్ చుట్టూ కదలకుండా నిలిచింది, లాగు శుభ్రంగా ఉంది, పని మొత్తానికి పట్టిన సమయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది ఫ్యానును ముట్టుకోకుండా ప్రాసెసరు తీసుకునే వాట్లను ముందుగానే కోస్తుంది, అంటే గోడకు గుద్దుకున్నాక ఆగడానికి బదులు గోడ కనిపించగానే నెమ్మదిస్తుంది. సెట్టింగు ఫైలు ఎక్స్ఎంఎల్ అనే ట్యాగుల భాషలో ఉండడం ఒక్కటే నాకు రుచించలేదు; అదృష్టవశాత్తూ దాన్ని తెరవవలసిన అవసరం రాలేదు.

ఈ రెండు సాఫ్టువేర్లూ చేయలేని పని ఒకటుంది. దానికోసం గవర్నర్‌పేట వైపు ఒక మరమ్మతు దుకాణానికి వెళితే, యంత్రాన్ని తిప్పి కూడా చూడకుండా “లినక్స్ వల్లే వేడెక్కుతోంది సార్, తీసేసి విండోస్ వేసేద్దాం” అన్నారు. ఇంటికొచ్చి నేనే అడుగు మూత విప్పాను. ఫ్యానుకూ రాగి రెక్కలకూ మధ్య దుమ్ము దూది పొరలా పేరుకుని ఉంది, గోటితో లాగితే ముక్కగా ఊడి వచ్చింది. ప్రాసెసరు మీద ఉండి వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్టు ఎండిపోయి సున్నంలా రాలింది. దుమ్ము తుడిచి, కొత్త పేస్టు రాసి, అదే వీడియోను మూడోసారి మార్పిడి చేస్తే వేడి 84 దాటలేదు. ఏడేళ్ల దుమ్మును ఏ సాఫ్టువేరూ తుడవలేదనే సంగతి సెన్సరు అంకెలు చాలా రోజులుగా చెబుతూనే ఉన్నాయి, నేనే వినలేదు.

మిగిలిన లోటు ఫ్యానుది. ఎల్ఎం-సెన్సర్స్‌తో పాటు ‘ఫ్యాన్‌కంట్రోల్’ కూడా వస్తుంది గానీ, అది ప్రధానంగా డెస్క్‌టాప్ బోర్డులకు పనికొచ్చేది. ల్యాప్‌టాప్‌లలో ఫ్యాను పగ్గాలు ఎక్కువగా తయారీదారు పెట్టిన వేరే చిన్న కంట్రోలరు చేతిలో ఉంటాయి, దాని గుట్టు బయటికి చెప్పరు. థింక్‌ప్యాడ్ ఉన్నవారు ఈ విషయంలో అదృష్టవంతులు: కెర్నెల్‌లోని డ్రైవరుకు అనుమతి ఇస్తే సున్నా నుంచి ఏడు దాకా ఫ్యాను మెట్లు చేతికొస్తాయి, ‘థింక్‌ఫ్యాన్’ అనే చిన్న సాఫ్టువేరు ఉష్ణోగ్రతను బట్టి వాటిని మారుస్తుంది, అది మధ్యలో చచ్చిపోయినా నిర్ణీత గడువులో, గరిష్ఠంగా 120 సెకన్లలో, పగ్గాలను తిరిగి యంత్రానికే అప్పగించే ఏర్పాటు డ్రైవరులో ఉంది. నా ల్యాప్‌టాప్‌లో ఆ భాగ్యం లేదు. ఆ 27.8 వరుస కంటికి కనపడకుండా సెన్సర్స్ సెట్టింగుల్లో ఒక చిన్న ‘ఇగ్నోర్’ వాక్యం రాసుకున్నాను. ఫ్యాను తిరుగుతోందో లేదో తెలియడానికి మాత్రం ఇప్పటికీ కీబోర్డు పక్కన చెవి ఆనించవలసిందే.