టర్కీ కోడికి అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

న్యూజెర్సీలో ఎడిసన్, ఇజెలిన్ వైపు చిన్న మాంసం షాపుల్లో పండగ ఆర్డర్లు ఇచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను. షాపు పేరు రాయడం లేదు. మాకు ఏం జరిగిందో చెప్తాను, మీకూ అలాగే కనిపిస్తే డబ్బు చేతిలో పెట్టకుండా వచ్చేయండి.

ఈసారి థ్యాంక్స్‌గివింగ్‌కి మా ఆడపడుచు వాళ్ళు వర్జీనియా నుంచి వచ్చారు. మొత్తం పన్నెండు మందిమి. ఫ్రోజెన్ టర్కీ అయితే ఫ్రిజ్‌లో కరగడానికి ప్రతి నాలుగైదు పౌండ్లకి ఒక రోజు పడుతుంది. అంత ముందు తెచ్చి పెట్టుకోవడానికి మా ఫ్రిజ్‌లో చోటేదీ? అందుకే రెండు వారాల ముందే 20 డాలర్లు అడ్వాన్స్ కట్టి హలాల్ ఫ్రెష్ టర్కీ చెప్పాం, పౌండు 3.99 చొప్పున.

బుధవారం సాయంత్రం ఏడింటికి వెళ్తే లైను బయటి దాకా ఉంది. నల్ల కవరు చుట్టి, టేపు వేసిన పార్సిల్ చేతిలో పెట్టారు. స్టికర్ మీద 18.4 పౌండ్లు, 73.42 డాలర్లు. "క్యాష్ ఇస్తే ట్యాక్స్ ఉండదు" అన్నాడు షాపతను. మిగతా 53 డాలర్ల చిల్లర మా ఆయన క్యాషే ఇచ్చేశారు. ఈ రాష్ట్రంలో పచ్చి మాంసానికి అసలు సేల్స్ ట్యాక్సే లేదన్న సంగతి ఇద్దరికీ తెలుసు, ఆ హడావిడిలో ఒక్కరికీ తట్టలేదు! బిల్లు అడగడమూ మర్చిపోయాం.

అక్కణ్ణుంచి గోంగూర, కొత్తిమీర, మామయ్యగారి బీపీ మాత్రలు, పిల్లలకి పంప్‌కిన్ పై. ఇంటికొచ్చి రాత్రి పదింటికి కవరు విప్పితే బండరాయి. వేలు దిగదు. లోపల ఉండే కాలేయం, మెడ ముక్క ప్యాకెట్ కూడా మంచులో కూరుకుపోయింది. షాపు స్టికర్ గీకితే కింద కంపెనీ లేబుల్, దాని మీద "ఫ్రోజెన్" అని ఉంది. బరువు 16.2 పౌండ్లు. అంటే లేని 2.2 పౌండ్లకి దాదాపు 9 డాలర్లు ఎక్కువ కట్టాం.

ఒక్కసారి కూడా 26 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే కిందికి వెళ్ళని కోడికి, టర్కీకే "ఫ్రెష్" అని రాయాలన్నది ఇక్కడి వ్యవసాయ శాఖ నియమం. ఇది ఫ్రెష్ ఎలా అవుతుంది?

ఆ రాత్రి జాగారమే. చన్నీళ్ళలో కరిగించాలంటే పౌండుకి అరగంట, ప్రతి అరగంటకీ నీళ్ళు మార్చాలి. పెద్ద కూలర్‌లో పెట్టి, నేనూ మా ఆడపడుచూ వంతులేసుకుని తెల్లవారుజామున ఆరున్నర దాకా నీళ్ళు మారుస్తూనే ఉన్నాం. మసాలా పట్టించాక నానడానికి మూడు గంటలే దొరికింది. (గడ్డకట్టినది గడ్డకట్టినట్టే ఓవెన్‌లో పెట్టొచ్చట, మామూలు కంటే సగం సమయం ఎక్కువ పడుతుందంతే. ఈ ముక్క మర్నాడు తెలిసింది.) మూడింటికి థర్మామీటర్ 165 చూపించాకే బయటికి తీశాం. పైపైన మసాలా, లోపల చప్పదనం. గోంగూర మటన్ పరువు కాపాడింది.

శుక్రవారం లేబుల్ ఫోటోలతో షాపుకి వెళ్తే "మాంసం వాపసు తీసుకోం, బిల్లు ఏదీ?" అన్నారు. కార్డు మీద కట్టి ఉంటే బ్యాంకుకైనా చెప్పుకునేవాళ్ళం. బరువు సంగతి మా కౌంటీ తూనికలు కొలతల ఆఫీసుకి ఫోటోలతో సహా పంపాను. జవాబు రావాలి.

మీరు ఆర్డర్ ఇచ్చి ఉంటే, కవరు అక్కడే విప్పించి రొమ్ము మీద వేలితో గట్టిగా నొక్కి చూడండి. కాటా మీద మీ కళ్ళ ముందే పెట్టమనండి. స్టికర్ మీద స్టికర్ ఉంటే కిందిది చూపించమనండి. వెనక లైనులో వాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

నిన్న అటు వెళ్తే అదే షాపు ముందు క్రిస్మస్ ఆర్డర్ల బోర్డు కనిపించింది. అడ్వాన్స్ అదే 20 డాలర్లు.