డెలావేర్ నదికి ఆ గట్టు, ఈ గట్టు: ఎయిర్‌గన్ కొనాలంటే

గాలి ఒత్తిడితో పెల్లెట్‌ను (చిన్న గుండును) విసరడమే తప్ప మందుగుండు లేదు కాబట్టి అమెరికా ఫెడరల్ చట్టం లెక్కలో ఎయిర్‌గన్ తుపాకీ కాదు. చిక్కంతా రాష్ట్రాలతోనే. డెలావేర్ నదికి ఒక గట్టు పెన్సిల్వేనియా, రెండో గట్టు న్యూజెర్సీ.

పెన్సిల్వేనియాలో పెద్ద తతంగమేమీ లేదు. 18 నిండితే చాలు, షాపులో ఎయిర్‌గన్ తీసుకుని బిల్లు కట్టి వచ్చేయొచ్చు.

నది దాటి న్యూజెర్సీలో అడుగుపెడితే కథ వేరు. మన తెలుగువాళ్లు కిక్కిరిసిన ఎడిసన్ ఉన్నది ఈ గట్టునే. పెరట్లో డబ్బాలు గురిచూసి కొట్టే .177 (గుండు వ్యాసం, అంగుళాల్లో) పెల్లెట్ రైఫిల్ అయినా ఇక్కడ అసలు తుపాకీతో సమానం. పోలీసులకు దరఖాస్తు పెట్టి, వేలిముద్రలిచ్చి, ముందుగా కొనుగోలుదారు కార్డు తెచ్చుకోవాలి. పిస్టల్ అయితే ఒక్కోదానికీ విడిగా పర్మిట్! నాకైతే ఇది కాస్త అతిగానే అనిపిస్తుంది. అలాగని అవతలి గట్టున కొని, కార్డు లేకుండా డిక్కీలో వేసుకొస్తే మాత్రం నేరమే.