పనోరమాలో అతుకు తప్పితే: గీతను వంచాలా, అతుకును జరపాలా?

పనోరమా కోసం ఫోటోలన్నీ కలిపాక అతుకు (రెండు ఫోటోలు కలిసే గీత) దగ్గర రెయిలింగ్ మెట్టులా విరిగింది, గోడ అంచు రెండుగా కనిపిస్తోంది, దీన్ని హగిన్‌లో (పనోరమాలు కలిపే సాఫ్ట్‌వేర్) సరిచేయాలా ఫోటోషాప్‌లోనా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. సాఫ్ట్‌వేర్ పేరు పట్టుకుని అడిగితే ఈ ప్రశ్న తెగదు. లోపాన్ని ఫోటోలు కలిసిపోకముందే పట్టుకుంటారా, కలిసిపోయాక పట్టుకుంటారా అన్నది ముందు తేల్చుకోవాలి. విడివిడి ఫ్రేములు, అంటే కలపకముందు తీసిన ఫోటోలు, ఉన్నవాళ్లకు మొదటిదే మేలని నా లెక్క. ఫోన్ తనే కలిపి ఇచ్చిన ఒక్క జేపెగ్ తప్ప ఏమీ లేనివాళ్లకు ఎలాగూ రెండోదే గతి.

ఏ టూల్ తెరిచేముందైనా ఫోటోని వంద శాతం జూమ్‌లో ఓసారి చూడండి. దూరంలో ఉన్నవి కూడా తప్పుతున్నాయంటే జత కలపడంలోనే పొరపాటు ఉంది. కదిలే మబ్బుల్నో, ఆకుల్నో, ఒకేలా ఉండే కిటికీల వరుసనో పట్టుకుని సాఫ్ట్‌వేర్ మోసపోయిందన్నమాట, దాన్ని పూర్తిగా బాగుచేయొచ్చు. అలా కాక దూరపు భవనాలు చక్కగా కలిసి, దగ్గరి రెయిలింగ్ ఒక్కటే విరిగితే అది పారలాక్స్, అంటే చూసే చోటు మారితే దగ్గరివి దూరపువాటి ముందు జరిగినట్టు కనిపించడం. కెమెరాని చేత్తో పట్టుకుని మనం తిరిగినప్పుడు లెన్స్ కూడా చోటు మారుతుంది కాబట్టి, ఒక ఫ్రేములో కమ్మీ వెనక కిటికీ ఎడమ అంచు దాక్కుంటే పక్క ఫ్రేములో కుడి అంచు దాక్కుంటుంది. అంటే రెండు ఫోటోలూ చూసిన దృశ్యమే వేరు. రెయిలింగ్‌ని కలిపితే భవనం తప్పుతుంది, భవనాన్ని కలిపితే రెయిలింగ్ తప్పుతుంది, రెండూ ఒకేసారి కలిపే బటన్ ఎక్కడా లేదు.

మొదటి రకం తప్పుకి హగిన్‌ని మించింది లేదు, పైగా ఉచితం. ఎఫ్3 నొక్కితే కంట్రోల్ పాయింట్ల (రెండు ఫోటోల్లోనూ ఒకే చోటని సాఫ్ట్‌వేర్ గుర్తించిన చుక్కల జతలు) పట్టిక వస్తుంది. దాన్ని దూరం ప్రకారం, అంటే జతలోని చుక్కలు ఎన్ని పిక్సెళ్లు తప్పాయో దాని ప్రకారం, సర్దితే, ఒకటి రెండు పిక్సెళ్ల తేడా ఉన్న మంచి పాయింట్ల మధ్య నలభై యాభై తేడాతో కూర్చున్న దొంగలు ఇట్టే దొరికిపోతారు. వాటిని తీసేసి, ఏ గీత నిలవాలో దాని మీద చేత్తో నాలుగు పాయింట్లు పెట్టి మళ్లీ ఆప్టిమైజ్ చేస్తే (ఆ పాయింట్లకు తగ్గట్టు ఫోటోల్ని తిరిగి సరిపెట్టమంటే) చాలాసార్లు పని అక్కడితో అయిపోతుంది. పారలాక్స్ ఉన్నప్పుడు మాత్రం పాయింట్లన్నీ ఒకే దూరంలో ఉన్నవాటి మీద ఉంచండి, దగ్గరివీ దూరానివీ కలిపితే రెండూ సగం సగం చెడతాయి.

ఫోటోషాప్‌లో ఈ లోచూపు ఉండదు. అందులో పనోరమా కలిపే ఫోటోమెర్జ్ ఏ పాయింట్లు చూసి కలిపిందో చెప్పదు, తప్పు కలిపితే ఆ లేయర్‌ని మనమే ట్రాన్స్‌ఫామ్‌తో జరుపుకోవాలి. కానీ అది ఇచ్చే లేయర్లు (ఒకదానిమీద ఒకటి పేర్చిన ఫోటోలు), వాటి మాస్కులు (ఏ ఫోటోలో ఏ భాగం కనిపించాలో చెప్పే ముసుగులు) బంగారం. చాలామంది వాటిని చూడకుండానే ఫ్లాటెన్ కొట్టేసి (లేయర్లన్నీ ఒకటిగా చేసేసి), తర్వాత ఒక చోటి బొమ్మని ఇంకోచోట పూసే క్లోన్ స్టాంప్‌తో గంటలు గంటలు కుస్తీ పడతారు!

నా మటుకు నాకు అతుకు ఎక్కడ పడాలో మన చేతిలో ఉందా లేదా అన్నదే అన్నిటికన్నా ముఖ్యం. పారలాక్స్ తప్పు పోదు, దాన్ని దాచాలంతే. అడ్డ కమ్మీ మధ్యలో అతుకు పడితే మూడు పిక్సెళ్ల తేడా కూడా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అదే అతుకుని నిలువు స్తంభం అంచుకి జరిపితే పది పిక్సెళ్ల తేడా ఉన్నా ఎవరూ పట్టుకోలేరు, ఎందుకంటే స్తంభానికి అటు కమ్మీ ఎంత ఎత్తులో ఉందో ఇటు ఎంత ఎత్తులో ఉందో పోల్చి చూసేవాళ్లు ఉండరు. మాస్క్ మీద తెల్లరంగు (చూపించడానికి), నల్లరంగు (దాచడానికి) బ్రష్‌తో ఈ పని చేస్తుంటే అతుకు కళ్లముందే కదులుతుంది. స్తంభం అంచు దగ్గర గట్టి బ్రష్, ఆకాశం దగ్గర పెద్ద మెత్తటి బ్రష్ వాడాలి. అతుకు మీద సగం మనిషి కనిపిస్తుంటే అతను పూర్తిగా ఉన్న ఫ్రేమునే అక్కడ చూపిస్తే సరి. ఆటో బ్లెండ్‌లో రంగులు కలిపే ఆప్షన్ ముందే టిక్ చేసి ఉంటే మాత్రం ఇబ్బందే. రంగుల్ని అది పాత అతుకుకి తగ్గట్టు మార్చేసి ఉంటుంది, అతుకు జరిపిన చోట మచ్చ బయటపడుతుంది. ముందు ఆ టిక్ తీసేయండి.

హగిన్‌లోనూ మాస్కులున్నాయి. ఈ ఫ్రేములో ఈ భాగం వద్దు, ఇది తప్పకుండా ఉండాలి అని గీసి చెప్పొచ్చు. అయితే మిగిలిన చోట అతుకు దారిని బ్లెండర్ (ఫోటోల్ని చివరగా కలిపే భాగం) తనే వెతుక్కుంటుంది, ఫలితం చూడాలంటే మళ్లీ స్టిచ్ అయ్యేదాకా ఆగాలి. పెద్ద పనోరమా అయితే ఆ ఎదురుచూపు విసుగు పుట్టిస్తుంది. అందుకే నేను రెండూ కలిపి వాడుతున్నాను: అలైన్‌మెంట్ (ఫోటోల్ని ఒకదానికొకటి సరిపెట్టడం) హగిన్‌లో, అతుకు లేయర్లలో. స్టిచర్ ట్యాబ్‌లో కలిపిన పనోరమాకి బదులు రీమ్యాప్ చేసిన (పనోరమా ఆకారానికి మలిచిన) విడి ఫోటోలు అడిగి, క్రాప్ చేసి సేవ్ చేసే ఆప్షన్ తీసేస్తే ప్రతి టిఫ్ ఫైలూ ఒకే కాన్వాస్ సైజులో, దాని చోట అది కూర్చుని వస్తుంది. వాటిని లేయర్లుగా పేర్చుకుని మాస్కులు వేసుకోవడమే. ఉచిత ఫోటో ఎడిటర్ జింప్‌లో కూడా హాయిగా జరిగే పని ఇది, డబ్బు పెట్టనక్కర్లేదు.

ఇక వంచడం. పప్పెట్ వార్ప్, లిక్విఫై, జింప్‌లో వార్ప్ ట్రాన్స్‌ఫామ్, అన్నీ ఒకే కోవ. విరిగిన కమ్మీని లాగి కలిపేయొచ్చు, కానీ దాంతోపాటు వెనకున్న టైల్స్ వరుస కూడా వంగుతుంది. ఒక గీత బాగుచేస్తే పక్కన మూడు చెడతాయి. చుట్టూ పిన్నులు గుచ్చి బిగించినా కొంత లాగుడు తప్పదు. రెండుగా కనిపించే అంచునైతే వంచి ఒకటి చేయడం అసాధ్యం, ఒకదాన్ని చెరిపేయాల్సిందే. విడి ఫ్రేములు లేని ఫోన్ పనోరమాకి నేను వంచడం కన్నా అతికించడమే చేస్తాను. బాగున్న కమ్మీ ముక్కని పక్కనుంచి కాపీ చేసి, వాలు సరిచేసి, విరిగిన చోట మాస్క్‌తో కూర్చోబెట్టడం. గడ్డి, మట్టి, ఆకులకి కంటెంట్ అవేర్ ఫిల్ (చుట్టుపక్కల చూసి ఖాళీని తనే నింపే టూల్) చాలు, గీతల దగ్గర దాన్ని నమ్మకండి. వార్ప్‌ని అతుకు జరిపాక మిగిలే రెండు మూడు పిక్సెళ్లకి, అదీ ఒక్క లేయర్ మీదే వాడితే చక్కగా పనికొస్తుంది.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లైట్‌రూమ్ తొందరగా కలుపుతుంది, డీఎన్‌జీ (తర్వాత ఎడిట్ చేసుకోవడానికి వీలైన రా తరహా ఫైలు) ఇస్తుంది, కానీ కంట్రోల్ పాయింట్లూ లేవు, అతుకు మీద పట్టూ లేదు. అందులోని బౌండరీ వార్ప్ ఫ్రేము అంచుల్ని నింపడానికే తప్ప విరిగిన గీతలకి కాదు. పీటీగుయ్ (డబ్బిచ్చి కొనే పనోరమా సాఫ్ట్‌వేర్) కూడా హగిన్ లాగే హెల్ముట్ డెర్ష్ రాసిన పాత పనోరమా టూల్స్ ప్రోగ్రాముల వంశంలోదే, దాదాపు అదే పని ఇంకా వేగంగా, సాఫీగా చేస్తుంది. డబ్బు పెట్టగలిగి రోజూ ఇదే పనిలో ఉండేవాళ్లు తీసుకోవచ్చు. అఫినిటీ ఫోటోలో కూడా ఫ్రేము ఫ్రేముకీ మాస్క్ వేసుకోవచ్చు, చేతిలో అదే ఉంటే దాంతోనే కానివ్వండి. మైక్రోసాఫ్ట్ పనోరమా ప్రోగ్రాం ఐస్ గురించి ఇంకా అడుగుతున్నారు. కంపెనీయే దాన్ని ఎప్పుడో వదిలేసింది, పైగా అందులో అతుకు జరిపే వీలే లేదు.