హై స్ప్రింగ్స్‌లో గుహ డైవింగ్ తొలి శిక్షణ: ఒక సమీక్ష

ఉత్తర ఫ్లోరిడాలో హై స్ప్రింగ్స్ అనే చిన్న ఊరి చుట్టుపక్కల, సాంటా ఫే, సువానీ నదుల పరిసరాల్లో ఉన్న నీటి ఊటలకు గుహ డైవింగ్ (నీట మునిగిన గుహల్లో ఈదడం) నేర్చుకునేవారిలో ప్రపంచమంతటా పేరుంది. అక్కడ ఒక స్వతంత్ర శిక్షకుడి వద్ద కావర్న్, ఇంట్రో టు కేవ్ అనే మొదటి రెండు స్థాయిలనూ వరుసగా పూర్తి చేశాను. సముద్రంలో డైవింగ్ చేస్తూ గుహల వైపు ఆశగా చూస్తున్న తెలుగువారు అమెరికాలో నాకు కొందరు తెలుసు కనుక, ఈ శిక్షణ దేనికి పనికివస్తుందో, దేనికి రాదో వివరంగా రాస్తున్నాను. ఎప్పుడు, ఎందుకు వెనుదిరగాలో ఒంటబట్టేలా నేర్పే శిక్షకుడికే డబ్బు చెల్లించాలని నా అభిప్రాయం. ఆ కొలతతో చూస్తే నాకు దొరికిన శిక్షణ చాలా మంచిది.

కావర్న్ స్థాయిలో గుహ ముఖద్వారం నుంచి పగటి వెలుగు కనిపించే మేరకే ఉండాలి. నీటి ఉపరితలం నుంచి మొత్తం దూరం 60 మీటర్లు దాటకూడదు. ఇంట్రో స్థాయిలో ఆ వెలుగు దాటి లోపలికి వెళ్లవచ్చు కానీ, గుహలో దారి చూపే ప్రధాన తాడును వదిలి పక్క సొరంగాల్లోకి మళ్లడానికి అనుమతి లేదు. గుహలో ఏం జరిగినా నేరుగా పైకి తేలే వీలుండదు, వచ్చిన దారినే తిరిగి ఈదాలి. మిగిలిన నియమాలన్నీ ఈ ఒక్క వాస్తవం నుంచే పుట్టాయి. షెక్ ఎక్స్‌లీ అనే గుహ డైవర్ 1970లలో ప్రమాదాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, మరణాలకు మూడు ప్రధాన కారణాలను గుర్తించాడు: బయటి వరకు తెగకుండా సాగే తాడు లేకపోవడం, మూడింట రెండు వంతుల గాలిని తిరుగు ప్రయాణానికి మిగుల్చుకోకపోవడం, మితిమీరిన లోతుకు దిగడం. తగిన శిక్షణ, ఒక్కొక్కరికి కనీసం మూడు లైట్లు ఉండాలన్న నియమాలు తర్వాత చేరాయి. మా శిక్షకుడు ఈ చరిత్రను చెప్పి వదిలేయకుండా, ప్రతి డైవ్‌కు ముందు ఒక్కొక్క నియమం ఆ రోజు మా పథకంలో ఎక్కడ ఉందో మా నోటితోనే చెప్పించారు.

నీటిలోకి దిగకముందు చాలాసేపు నేల మీదే గడిచింది. చెట్ల మధ్య తాడు కట్టించి, రీల్ (తాడు చుట్టిన చక్రం) నుంచి తాడు వదులు కాకుండా ఎలా వదలాలో, రాతికి ఎలా చుట్టాలో, చుట్టిన చోట ఎదుటి మనిషి వేళ్లు ఇరుక్కోకుండా ఎలా చూసుకోవాలో నేర్పి, తర్వాత కళ్లు మూయించి అదే తాడు పట్టుకొని నడిపించారు. చూసేవారికి ఇది పిల్లల ఆటలా అనిపించవచ్చు కానీ, నా దృష్టిలో చెల్లించిన రుసుములో సగం విలువ ఇక్కడే ఉంది. చీకట్లో తాడు మీద చేతికి తగిలిన బాణం గుర్తు ఏ దిక్కుకు చూపుతోందో వేళ్లతోనే తెలుసుకోవడం, చేయి పట్టుకున్న సహచరుడు ముందుకు నెడితే కదలాలని, నొక్కితే ఆగాలని అర్థం చేసుకోవడం గట్టు మీద అలవాటు కాకపోతే నీటిలో అసలే కాదు.

గాలి లెక్క మరో ముఖ్యమైన పాఠం. మామూలు గుహ డైవింగ్‌లో మూడో వంతు నియమం పాటిస్తారు: ఒక వంతు వెళ్లడానికి, ఒక వంతు రావడానికి, మూడోది సహచరుడి గాలి పూర్తిగా పోయినా ఇద్దరూ బయటపడటానికి. జంట ట్యాంకులతో మా స్థాయికి ఆరో వంతే అనుమతించారు. అంటే ట్యాంకులో 3,000 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలమానం)తో మొదలుపెడితే 2,500 దగ్గర వెనుదిరగాలి. ముందు గుహ ఎంత అందంగా ఉన్నా, ఇద్దరిలో ఎవరి మీటరు ముందు ఆ అంకెను తాకితే వారు డైవ్ ముగిద్దామన్న సంజ్ఞగా బొటనవేలు పైకి చూపాలి; రెండోవారు ప్రశ్నించకుండా అదే సంజ్ఞతో బదులివ్వాలి. కారణం చెప్పకుండానే ఎవరైనా ఏ డైవ్‌నైనా ముగించవచ్చన్న ఈ మర్యాదను ఆయన ఎంతో గంభీరంగా పాటింపజేశారు. నాకు అది అన్నిటికంటే నచ్చింది.

ఒకే చోటికి పరిమితం కాకుండా జిన్నీ స్ప్రింగ్స్‌కూ, పీకాక్ స్ప్రింగ్స్‌కూ తీసుకువెళ్లడం ఈ శిక్షణలోని గొప్ప బలం. రెండూ సున్నపురాయిని నీరు కరిగించి మలచిన సొరంగాలే, మన బెలుం, బొర్రా గుహల లాగా. రెండింటిలోనూ నీరు ఏడాది పొడవునా 22 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అయినా స్వభావంలో పోలిక లేదు. జిన్నీలోని డెవిల్స్ గుహలో ప్రవాహం బలంగా ఎదురు తోస్తుంది. పాదాలకు తొడిగే ఫిన్లు ఎంత కొట్టినా ఆయాసమే మిగులుతుంది కనుక, పాడుకాని రాతిని వేళ్లతో పట్టుకొని ముందుకు జరగడం నేర్చుకోవాలి. తిరుగు దారిలో అదే ప్రవాహం బయటికి మోసుకొస్తుంది, గాలి ఆదా అవుతుంది. పీకాక్‌లో ఆ సాయం దాదాపు ఉండదు. పైగా అడుగున జల్లించిన పిండిలాంటి మెత్తని బురద ఉంటుంది. ఒక్క తన్ను తప్పుగా పడితే చూపు పోతుంది, లేచిన బురదను కడిగి తీసుకుపోయే ప్రవాహమూ ఉండదు. కప్పలా కాళ్లను పక్కలకు ఆడించే ఫ్రాగ్ కిక్ ఎందుకు నేర్పుతారో అక్కడ ఎవరికైనా తేటతెల్లమవుతుంది.

గుహ ముఖద్వారాల లోపల మృత్యువు బొమ్మతో ఒక హెచ్చరిక బోర్డు ఉంటుంది: ఇలాంటి గుహల్లో 300 మందికి పైగా డైవర్లు చనిపోయారని, వారిలో సముద్ర డైవింగ్ నేర్పే శిక్షకులూ ఉన్నారని దాని మీద రాసి ఉంటుంది. గుహ శిక్షణ లేనివారు డెవిల్స్ ఊటల్లో లైటు తీసుకువెళ్లకూడదన్న జిన్నీ నిబంధన కూడా ఇదే జాగ్రత్తతో పెట్టినది. చేతిలో లైటు లేనివారు చీకట్లోకి ఈదరు.

చూపు లేకుండా తాడు మీద బయటికి రావడం, జారిపోయిన తాడును స్పూల్ (చిన్న తాడు ఉండ) కట్టి వెతకడం, సహచరుడికి ఏడు అడుగుల గొట్టం ఇచ్చి గాలి పంచుకుంటూ ఇరుకు దారి దాటడం వంటి అభ్యాసాలను ఆయన తొందర లేకుండా, సరిగ్గా వచ్చేదాకా చేయించారు. రుసుము చెల్లించినంత మాత్రాన సర్టిఫికెట్ వస్తుందని అనుకోవద్దని మొదటి రోజే స్పష్టంగా చెప్పారు. అలా చెప్పని శిక్షకుడి దగ్గర చేరవద్దని నా సలహా.

లోపాలు లేకపోలేదు. రుసుములో బోధన మాత్రమే ఉంది. పార్కు ప్రవేశం, గాలి నింపడం, పరికరాల అద్దె విడివిడిగా చెల్లించాలని ముందే లిఖితపూర్వకంగా తెలిపి ఉండవలసింది. శిక్షణ సంస్థల మధ్య పరిమితులు ఎందుకు వేరువేరుగా ఉన్నాయన్న విషయాన్ని రెండు మాటల్లో ముగించారు. స్టీల్ జంట ట్యాంకులు 40 కిలోలు దాటుతాయి. వాటితో మెట్లు దిగి, ఎక్కాలి. చిన్న శరీరం ఉన్నవారు, నడుము నొప్పి ఉన్నవారు ట్యాంకులను నీటిలోనే చెరొక పక్కన తగిలించుకునే సైడ్‌మౌంట్ పద్ధతి గురించి ముందే అడగడం మంచిది.

నీటిలో కదలకుండా ఒకే లోతులో నిలబడటం ఇంకా రానివారు ఈ శిక్షణకు తొందరపడకూడదు. ముందు దాన్ని మామూలు నీటిలో సాధించి రావాలి. తేదీలు ఖరారు చేసుకునేముందు నదుల నీటిమట్టం కూడా కనుక్కోవాలి. వరదల సమయంలో టీ రంగు నది నీరు ఊటలను కప్పేస్తుంది, కొన్నిచోట్ల ప్రవాహమే లోపలికి తిరుగుతుంది, అప్పుడు గుహలను మూసివేస్తారు. అలాంటి పరిస్థితిలో అదనపు రుసుము లేకుండా తేదీ మార్చే శిక్షకుణ్ణే ఎంచుకోవాలి. మాకు నేర్పినవారు ఆ హామీని అడగకముందే ఇచ్చారు.